ఆ గోడ దగ్గర మనవాళ్లెవరు?

(కారమడైలో పదో తరగతి, ప్లస్ వన్, ప్లస్ టూ చదువుతున్న తెలుగు క్రైస్తవ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగం)



కూడిక మొదలుకాకముందు పిల్లలందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, పెద్దయ్యాక ఏం కావాలనుకుంటున్నారో రాయమన్నాను. చీటీలు తిరిగొచ్చాక చూస్తే నాకు ఒక్కటి కూడా చదవడం రాలేదు. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం తమిళం. మీ సంఘ పెద్ద ఒకాయన పక్కన కూర్చుని చదివి పెట్టారు. పోలీసు, నర్సు, టీచరు, కంప్యూటరు. మళ్లీ పోలీసు, నర్సు, టీచరు. ఒక చీటీలో మాత్రం "చీపురు పని తప్ప ఏదైనా సరే" అని ఉంది. ఆ చీటీ నా బైబిల్లో పెట్టుకున్నాను.

రాసిన బిడ్డ ఎవరో నేను అడగను. కానీ ఆ బిడ్డతోనే ఈ రోజు మాట్లాడతాను.

అమ్మా, నాన్నా, మీరు చేసిన పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కోయంబత్తూరు ఊరంతా శుభ్రంగా ఉన్నదంటే మన చేతుల వల్లే. సిగ్గుపడాల్సింది ఆ పనిని ఒక కులానికే రాసిపెట్టిన సమాజం. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా కాలువలోకి దిగాల్సి వచ్చినప్పుడు ఎవరిని పిలుస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఆంధ్రాలో మాదిగపల్లె అంటారు, ఇక్కడ అరుంధతీయర్ కాలనీ అంటారు. పేరు వేరు, కథ ఒకటే.

అయితే ఆ చీటీలో నన్ను బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఏం వద్దో ఆ బిడ్డకు బాగా తెలుసు. ఏం కావాలో తెలియలేదు. తెలియకపోవడం ఆ బిడ్డ తప్పు కాదు. మన ఇళ్లల్లో, మన వీధిలో, మన సంఘంలో ఎవరూ చూపించలేదు. చూడని దాన్ని ఎలా కోరుకుంటారు?

కాబట్టి ఈ రోజు ఒక లెక్క చేద్దాం. దానికి మిమ్మల్ని పక్కనే ఉన్న మేట్టుపాళయం తీసుకెళ్తాను.

2019 డిసెంబరు 2, తెల్లవారుజాము. నడూరు. రాత్రంతా వాన. ఒక పెద్ద ఇంటి ప్రహరీ గోడ కూలి కింద ఉన్న ఇళ్ల మీద పడింది. నిద్రలోనే 17 మంది చనిపోయారు. అందరూ మనవాళ్లే. చదువుకునే పిల్లలూ ఉన్నారు. ఆ గోడతో ప్రమాదం ఉందని ముందే చెప్పామని, ఎవరూ వినలేదని అక్కడివాళ్లు అన్నారు. పిల్లలిద్దరినీ పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ దుఃఖంలోనే వాళ్ల కళ్లు దానం చేశాడు.

మనం ఏడ్చాం, ప్రార్థన చేశాం. న్యాయం కావాలని రోడ్డెక్కినవాళ్లను పోలీసులు కొట్టారు. అదంతా మీకు గుర్తుంది. ఇప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ గోడ చుట్టూ ఎన్ని ఉద్యోగాలు ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టండి.

గోడకు ఎంత పునాది ఉండాలో, వాన నీరు బయటికి పోవడానికి ఎక్కడ రంధ్రాలు వదలాలో తెలిసిన సివిల్ ఇంజినీరు ఒకరు. హద్దు కొలిచే సర్వేయరు. ప్లాను గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఆ ప్లాను చూసి అనుమతి ఇచ్చే, లేదా ఇవ్వకుండా ఆపే పట్టణ ప్రణాళిక అధికారి. మనవాళ్లు ఇచ్చిన అర్జీ తీసుకునే ఆఫీసు గుమస్తా. ఎంత వాన పడుతుందో ముందే చెప్పే వాతావరణ శాస్త్రవేత్త. కేసు రాసే పోలీసు, వాదించే లాయరు, తీర్పు చెప్పే జడ్జి. శవపరీక్ష చేసే డాక్టరు. ఆ పిల్లల కళ్లను మరొకరికి అమర్చే కంటి వైద్యుడు, ఆయన పక్కన నిలబడే టెక్నీషియను. వార్త రాసే విలేకరి. పరిహారం లెక్క తేల్చే తహసీల్దారు.

ఇన్ని కుర్చీలున్నాయి. వాటిలో మనవాళ్లు ఎన్నింటిలో ఉన్నారు? గోడ కింద మాత్రం 17 మందీ మనవాళ్లే.

పిల్లలూ, మీ చదువు గురించి ఆలోచించేటప్పుడు "ఈ వీధి నుంచి ఎలా బయటపడాలి" అని మాత్రమే అనుకోకండి. "ఈ వీధి కోసం ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలి" అని కూడా అనుకోండి. పిలుపు అంటే నాకు అర్థమైంది అదే. పాస్టరుకే పిలుపు ఉంటుంది, మిగతావాళ్లకు ఉద్యోగం ఉంటుంది అని మన సంఘాల్లో ఒక తప్పుడు అలవాటు ఉంది. నిర్గమకాండంలో బెసలేలు ఉన్నాడు. దేవుడు అతన్ని తన ఆత్మతో నింపింది ప్రసంగం చేయడానికి కాదు. బంగారం, వెండి, రాయి, చెక్క చెక్కడానికి. చేతిపని కూడా ఆత్మ వరమే.

సరే పాస్టరుగారూ, దారి ఏది అంటారు. చెప్తాను.

పదో తరగతి తర్వాత ప్లస్ వన్ ఒక్కటే దారి కాదు. ఐటీఐలో సర్వేయర్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడులు ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా ఉంది. డిప్లొమా బాగా చేసినవాళ్లు ఇంజినీరింగ్ నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. ప్లస్ టూ తర్వాత అయిదేళ్ల లా కోర్సు ఉంది, కోయంబత్తూరులోనే ప్రభుత్వ లా కాలేజీ ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం మీ జిల్లాలోనే ఉంది, దాని అటవీ కళాశాల మేట్టుపాళయంలోనే ఉంది. మన ఊరి పక్కన అడవి శాస్త్రం చదవడానికి ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. మనం మాత్రం ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్లిపోతాం. 1976లో మదురైలో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రికి కోయంబత్తూరులో కూడా శాఖ ఉంది. ప్లస్ టూ చదివిన పల్లెటూరి ఆడపిల్లలను తీసుకుని రెండేళ్లు శిక్షణ ఇచ్చి కంటి వైద్య సహాయకులుగా తయారుచేయడం వాళ్ల పద్ధతి.

ఇంకొక మాట. డిగ్రీ ఒక్కటీ ఉంటే చాలనుకోకండి. 2019 నవంబరులో కోయంబత్తూరు కార్పొరేషన్ 549 పారిశుధ్య కార్మికుల పోస్టులకు పిలిస్తే దాదాపు 7 వేల మంది వచ్చారు. వాళ్లలో డిగ్రీ చదివినవాళ్లు, ఇంజినీర్లు కూడా ఉన్నారు. చదివిన కోర్సు ఏ పనికి తీసుకెళ్తుందో చేరకముందే అడగాలి. సీనియర్లను అడగండి, ఆ పని చేస్తున్నవాళ్లను వెళ్లి కలవండి. ఎవరో చేరారని, బ్రోకరు చెప్పాడని చేరకండి.

ఇప్పుడు తల్లిదండ్రులకు. ఈ మాటలు ఒక కాగితం మీద రాసుకోండి.

ఆరో తరగతి నుంచి ప్లస్ టూ వరకు ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు తమిళనాడులో 7.5 శాతం సీట్లు విడిగా ఉన్నాయి. మెడికల్‌లో 2020 నుంచి, ఇంజినీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, లా వంటి కోర్సుల్లో 2021 నుంచి. మధ్యలో అప్పు చేసి ప్రైవేటు బడికి మార్చారంటే ఆ హక్కు పోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో తమిళ మాధ్యమంలో చదివినవాళ్లకు 20 శాతం ఉంది. 2020 సవరణ తర్వాత ఒకటో తరగతి నుంచీ తమిళంలోనే చదివి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకో, ఐటీఐకో వెళ్లే ఆడపిల్లకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే పుదుమై పెణ్ 2022 సెప్టెంబరు 5న మొదలైంది. మగపిల్లల కోసం తమిళ్ పుదల్వన్‌ను 2024 ఆగస్టు 9న మీ కోయంబత్తూరులోనే మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరూ డిగ్రీ చదవకపోతే మొదటి పట్టభద్రుల సర్టిఫికెట్ తీసుకోండి, ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో ఫీజు తగ్గుతుంది.

గమనించండి, నేను చెప్పిన వీటిలో దేనికీ మతం అడ్డు కాదు. ఎందుకు ఈ మాట అంటున్నానో మీకు అర్థమైంది. ఇక దాచకుండా మాట్లాడుకుందాం.

2009లో తమిళనాడు చట్టం చేసి ఎస్సీలకున్న 18 శాతంలో 3 శాతం అరుంధతీయర్లకు కేటాయించింది. ఆది ఆంధ్ర, మాదిగ, చక్కిలియన్, పగడై, అన్నీ అందులోకి వస్తాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. మంచిదే. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. మనల్ని చేర్చలేదు. చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022లో మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇక్కడ క్రైస్తవులైన ఎస్సీలు బీసీ జాబితాలోకి వెళ్తారు. మా ఆంధ్రాలో బీసీ-సీ అని 1 శాతం. బాప్తిస్మం తొట్టిలో నుంచి లేచేసరికి కులం పోయిందా? వీధి పోయిందా? నడూరులో ఆ గోడ ఎవరి మతం ఏమిటని అడిగి పడిందా?

అందుకే కొన్ని ఇళ్లల్లో కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. ఆ తల్లిదండ్రులను తీర్పు తీర్చడానికి నాకు నోరు రాదు. కానీ పిల్లల తరఫున ఒక మాట చెప్పాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక సోదరికి ఇవ్వడం కుదరదని తీర్పు చెప్పింది. అలాంటి సర్టిఫికెట్‌తో ఉద్యోగం వచ్చినా పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే పోవచ్చు. ఆ భయాన్ని మన పిల్లల మెడకు కట్టకూడదు. ఏ బిడ్డనూ బాప్తిస్మానికి తొందరపెట్టవద్దని, ఏ బిడ్డనూ సర్టిఫికెట్ కోసం ఆగమనవద్దని నా తోటి కాపరులకు కూడా చెప్తున్నాను. అది ఆ బిడ్డకూ ప్రభువుకూ మధ్య విషయం. చట్టం మార్చమని వీధిలో నిలబడటం మాత్రం మన అందరి విషయం. ఈలోగా మన ఇంటి కాగితాల్లో ఏముందో, దానికి ఏ దారులు తెరిచి ఉన్నాయో పదో తరగతిలోనే కూర్చుని చూడండి. మతం మారిన ఎస్సీలకు రాష్ట్రం ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. చాలామంది అడగరు కనుక రావు.

దానియేలును చూడండి. బబులోనులో అతని పేరు కూడా ఆఫీసువాళ్లే మార్చారు. మూడేళ్లు పరాయి భాష, పరాయి విద్య నేర్పించారు. అతను ఆ విద్యను అందరికంటే బాగా నేర్చుకున్నాడు. తనెవరో మాత్రం మరిచిపోలేదు. మీరు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు మోస్తున్నారు. కొందరు ఇంటి తెలుగు బయట వినబడకుండా గొంతు తగ్గిస్తారు. తగ్గించకండి. ఎప్పుడో విజయనగర, నాయక రాజుల కాలంలో వచ్చారని చెప్పే మన పెద్దలు ఇంత దూరం కాపాడి తెచ్చిన భాష అది. మూడు భాషలు వచ్చిన లాయరు, నర్సు ఈ జిల్లాలో ఎంతమందికి పనికొస్తారో ఆలోచించండి.

చివరిగా సంఘానికి మూడు పనులు. ఒకటి, ఆదివారం ఆరాధన తర్వాత ఒక బల్ల వేయండి. చదువుకున్న ఒక యువకుడు, ఒక యువతి అక్కడ కూర్చుని అప్లికేషన్లు, చివరి తేదీలు, ఈ-సేవై కాగితాలు చూడాలి. కానుకల లెక్క చూసినంత శ్రద్ధగా చూడాలి. రెండు, నెలకొకసారి ఒక పనిమంతుణ్ణి పిలవండి. ఎలక్ట్రీషియను, బ్యాంకు గుమస్తా, లాయరు, ఎవరైనా సరే. రోజంతా ఏం చేస్తారో, జీతమెంతో, ఎలా చేరారో పిల్లలకు చెప్పించండి. మూడు, పరీక్షలు అయిన వారం నుంచి ఆడపిల్లలున్న ఇళ్లకు వెళ్లండి. ఎందుకంటే ఆ వారమే స్పిన్నింగ్ మిల్లు బ్రోకరు కూడా వస్తాడు. మూడేళ్లు పనిచేస్తే పెళ్లికి మొత్తం డబ్బు ఇస్తామని సుమంగళి పేరుతో ఎంతమంది పిల్లలను హాస్టళ్లలో పెట్టారో మీకు తెలుసు. బ్రోకరు కంటే ముందు మనం గడప తొక్కాలి.

క్రీస్తు మధ్యగోడను పడగొట్టాడని ఎఫెసీ పత్రికలో చదువుతాం. ఆ గోడ పడినప్పుడు ఎవరూ నలిగిపోలేదు, ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకటయ్యారు. మనుషులు కట్టిన గోడలు మాత్రం పేదవాళ్ల మీదే పడతాయి. అలా పడకుండా చూసే కుర్చీల్లో మీరు కూర్చోవాలని నా ప్రార్థన.

ఇప్పుడు మళ్లీ చీటీలు పంచుతున్నారు. ఈసారి రెండు విషయాలు రాయండి. ఆ గోడ చుట్టూ ఉన్న కుర్చీల్లో మీకు ఏది కావాలి, దాని గురించి ఈ నెలలో ఎవరిని వెళ్లి అడుగుతారు. తమిళ అక్షరాల్లోనే రాయండి, పెద్దాయన చదివి పెడతారు. చీపురు పని తప్ప ఏదైనా అని రాసిన బిడ్డ కూడా రాయాలి. నీ పాత చీటీ నా బైబిల్లోనే ఉంటుంది. కొత్తది దాని పక్కన పెట్టుకుంటాను.

రాశాక లేచి నిలబడండి, ప్రార్థన చేద్దాం.