కంప్యూటరులో తెలుగు వ్రాత: నేర్చుకొనే దారులు

(ప్రసంగ పాఠం)



1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగును వాడుకొనే వీలు కల్పించింది. అయితే యానాంలో తెలుగున వ్రాసిన అర్జీ 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పుదుచ్చేరి చేరవలసి రావచ్చును. కాగితమైతే ఎక్కడైనా చదవవచ్చు. కంప్యూటరు ఫైలు సంగతి వేరు. ముద్రణాలయాలకు చిరపరిచితమైన పాత ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస కనబడుతుంది. ఆంగ్లాక్షరాల సంకేతాలకు తెలుగు ఆకృతులను తొడగడమే దీనికి కారణం.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలను కేటాయించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. గౌతమీ తీరాన నివసించే యానాం వాసులకు ఆ పేరును వేరుగా పరిచయం చేయనక్కరలేదు! కనుక ఏ పుస్తకం కొన్నా, ఏ శిక్షణ కేంద్రంలో చేరినా, అక్కడ నేర్పేది యూనికోడ్ వ్రాతేనా అని ముందుగా విచారించుకోవాలి. రుసుము ఎంత అన్నది ఆ తరువాతి ప్రశ్న.

ఇక మీటల అమరిక. భారత ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమవైపునా, హల్లులు ప్రధానంగా కుడివైపునా ఉంటాయి. ‘క’ మీటను షిఫ్టుతో నొక్కితే ‘ఖ’, ‘త’ మీటను అట్లే నొక్కితే ‘థ’ వస్తాయి. ‘యానాం’ అనడానికి అయిదు మీటలు చాలు: య, దీర్ఘం, న, మరల దీర్ఘం, సున్న. ‘స్త్రీ’కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వర్ణమాల వచ్చిన బాలునికి సగం పాఠం అప్పటికే వచ్చినట్లు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి దక్కిన ఈ సౌలభ్యాన్ని తల్లిదండ్రులు అంతగా గుర్తించినట్లు కనబడదు.

ఆంగ్లాక్షరాలు కొట్టి తెలుగు రాబట్టే మార్గమూ ఉన్నది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగువారు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆధారంగా 2006లో ‘లేఖిని’ వెలసింది. విదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు అది ఎంతో ఉపకరించేదే. అయితే ‘క’ దిద్దిన పిల్లవాడిని ఆంగ్లం మీదుగా తిప్పి మరల ‘క’ వద్దకు తేవడం చుట్టుదారి.

నేర్చుకొనే సాధనాలకు కొదవ లేదు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో టైపింగు సహాయ పుటలు ఉచితంగా లభిస్తాయి. అక్కడి వ్యాసాన్ని దిద్దడమే మంచి అభ్యాసం. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో ‘ట’కారం క్రింద ‘వ’ వత్తు పడకుండా నిలిపే కనబడని అక్షరం ఒకటున్నది. దానిని పుస్తకంలో వెదకుటకన్నా, అనుభవం గల డీటీపీ పనివారిని అడిగితే నిమిషంలో చూపుతారు. సిగ్గుపడక అడగాలి.

ఈ సంచిక పాఠమంతా అచ్చైన పిదప ఒక యూనికోడ్ ప్రతిగా పాఠశాలలో భద్రపరచడం అవసరం. పాత ఫాంట్లలో ఉన్న వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నవి. మార్చిన తరువాత వత్తులను ఎవరైనా కూర్చుని సరిచూడవలసి ఉంటుంది. ఆ పనిని పదవ తరగతి విద్యార్థులకు అప్పగించవచ్చును.