చలికాలపు దురద: నూనె చేయగల మేలు, చేయలేని మేలు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు రోడ్లు, మంచినీటి పథకములు, పన్నుల వసూలు మొదలగు పెద్ద విషయములను గూర్చి వినుచున్నారు. నేడు మేము మనవి చేయబోవునది చూచుటకు మిక్కిలి చిన్న విషయము. చలికాలములో ఒడలు పొడిబారి దురద పెట్టుటయు, దానికి మన ఇండ్లలో చేసికొనదగిన ఆయుర్వేద చర్యలును నేటి ప్రసంగ విషయము. ఇంత మాత్రమునకు ప్రసంగ మెందులకని మీలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. అట్లు కాదని ఒక గ్రామము మాకు నేర్పినది. ముందుగా ఆ సంగతి చెప్పెదము.

కొంతకాలము క్రిందట పుష్యమాసములో ప్రచార కార్యక్రమము నిమిత్తము మేమొక గ్రామమునకు వెళ్లితిమి. రచ్చబండ వద్ద సభ జరిగినది. నూనె స్నానమును గూర్చి, నలుగుపిండిని గూర్చి ఉత్సాహముతో మాటలాడి తిరిగి వచ్చితిమి. ఆ సభలో ఒక వృద్ధుడు తన మనుమలను వెంటబెట్టుకొని కూర్చుండెను. వారందరికిని దురద యుండెను. మా మాట నమ్మి ఆ కుటుంబమువారు నెలదినములు నువ్వులనూనె రాచుకొనుచు ఓపికతో కాచుకొనిరి. దురద తగ్గలేదు, ప్రక్క యింటికి కూడ ప్రాకినది. పిల్లల చేతులు గోకి గోకి పుండ్లు పడినవి. బడిలో వారిని వేరుగా కూర్చుండబెట్టిరి. కుళాయి వద్ద ఇరుగుపొరుగువారు ఆ యింటివారి బిందెను దూరముగా ఉంచుమనిరి. తుదకు ఆ వార్డు సభ్యురాలు పూనుకొని వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోగా, అది చలికాలపు పొడిచర్మము కాదనియు, గజ్జి యనియు తేలినది. ఇంటిల్లిపాదికిని ఒకేమారు మందు పూసిన పిమ్మట కొద్ది వారములలో నయమైనది.

నూనెను గూర్చి మేము చెప్పినది అసత్యము కాదు. కాని నూనె ఎక్కడ చాలదో చెప్పక వచ్చుట మా లోపము. నేటి ప్రసంగములో ఆ రెండవ భాగమును గూడ చెప్పెదము.

మొదట చర్మము ఎందులకు పొడిబారునో తెలిసికొందము. మన చర్మపు పైపొరలో సహజమైన కొవ్వు పదార్థములు కలవు. లోపలి తేమ ఆవిరియై పోకుండ అవి కాపాడును. చలికాలపు గాలిలో తేమ తక్కువ. చెమటయు తక్కువగా పట్టును. అరకు, లంబసింగి, అదిలాబాదు ప్రాంతములలో చలి యెక్కువ గనుక ఈ బాధ మరింత కనిపించును. దీనికి తోడు మనము పొగలు గ్రక్కు వేడినీళ్లు పోసికొందుము. ఘాటైన సబ్బుతో రుద్దుకొందుము. చలిమంటకు కాళ్లు చాపి కూర్చుందుము. ఈ మూడును ఉన్న జిడ్డును, తేమను గూడ హరించును. మోకాళ్ల దిగువను, ముంజేతులపైని తెల్లని పొట్టు లేచును, మడమలు పగులును. వయసు మళ్లినవారిలో చర్మపు జిడ్డు స్వభావముగనే తగ్గును గనుక ముందుగా బాధపడువారు వారే.

మన పూర్వులు ఈ సంగతి నెరిగియుండిరి. చరక సంహితలో నూనె పట్టించిన కుండ, తోలు, బండి ఇరుసు దృఢముగా నుండునట్లు, అభ్యంగనము వలన శరీరమును దృఢమగునని చెప్పబడినది. ఇరుసుకు కందెన వేయు రైతునకు ఈ పోలిక వేరుగా వివరింప నక్కరలేదు. వాగ్భటుని అష్టాంగహృదయములో దినచర్యాధ్యాయమున నిత్యాభ్యంగనము విధింపబడినది. తలకు, చెవులకు, పాదములకు విశేషముగా చేయవలెనని కలదు. ఋతుచర్యాధ్యాయమున హేమంత ఋతువునకు, అనగా మార్గశిర పుష్య మాసములకు, నూనె రాచుకొని, వగరు పొడులతో జిడ్డు తీసి స్నానము చేయు విధానము చెప్పబడినది. మన సున్నిపిండి ఈ సంప్రదాయములోనిదే. అయితే నేడు అనేకుల యిండ్లలో ఇది దీపావళికిని, భోగికిని జరుపు తలంటుగా మాత్రమే మిగిలినది. ఏటికి రెండు దినములు నూనె రాచిన చర్మమునకు చలికాల మంతయు రక్షణ కలుగదు.

ఇక ఆచరణ విధానము. నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని శుభ్రమైనది తీసికొనవలెను. వేడినీటి గిన్నెలో నూనెగిన్నె నుంచి గోరువెచ్చగా చేసికొనవలెను. స్నానమునకు అరగంట ముందు మృదువుగా ఒడలికి రాచుకొనవలెను. స్నానపు నీరు గోరువెచ్చగానే యుండవలెను. తలపై మిక్కిలి వేడినీరు పోయరాదని వాగ్భటుడును హెచ్చరించెను. ఐదు పది నిమిషములలో స్నానము ముగించుట మంచిది. సబ్బును చంకలకు, గజ్జలకు, పాదములకు మాత్రము వాడిన చాలును. మెత్తగా విసరి జల్లించిన పెసరపిండిని తడిపి తేలికగా రాయవచ్చును. బరకపిండితో గట్టిగా రుద్దినచో పొడిచర్మము మరింత రేగును. కుంకుడు రసము తలకే గాని ఒడలికి తగదు.

ముఖ్యమైన దింకొకటి. స్నానానంతరము తువ్వాలుతో అద్ది, చర్మము కొంచెము తడిగా నున్నప్పుడే, మూడు నాలుగు నిమిషములలోపల, పలుచగా మరల నూనె రాయవలెను. అప్పుడు ఆ తడి లోపల నిలుచును. ఎండిన చర్మమునకు ఎంత నూనె పూసినను అంత ఫలముండదు. రాత్రి మడమలకు ఆముదము రాచి నూలు మేజోళ్లు తొడిగికొనినచో పగుళ్లు మెత్తబడును. ఉన్నిబట్టల లోపల నూలుబట్ట ధరింపవలెను.

కొన్ని జాగ్రత్తలు కూడ మనవి చేయుచున్నాము. నూనె ఏదైనను మొదట ముంజేతిపై కొంచెము రాచి ఒకదినము చూడవలెను, ఎరుపెక్కినచో మానవలెను. చీము పట్టిన పుండ్లపై నూనెలు, ఆకుపసరులు పూయరాదు. జ్వరముతో నున్నప్పుడును, అజీర్ణముతో నున్నప్పుడును అభ్యంగనము ఆయుర్వేదములోనే నిషిద్ధము. శిశువుల ముక్కులలోను చెవులలోను నూనె పోయు అలవాటు కొన్ని యిండ్లలో ఇంకను కలదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణాపాయము తేవచ్చును. పసిపిల్లలకు వేపనూనె త్రాగించుట విషము పెట్టుటతో సమానము. నూనె పడిన స్నానపు గచ్చుపై వృద్ధులు జారిపడి ఎముకలు విరుగగొట్టుకొనుచున్నారు; గచ్చు కడిగిన పిమ్మటనే వారిని నడువనీయవలెను.

ఇంతవరకు నూనె చేయగల మేలు. అది చేయలేని మేలేదో ఇప్పుడు వినుడు. ఈ చర్యలు రెండు వారములు శ్రద్ధగా చేసినను దురద తగ్గనిచో అది కేవలము పొడిచర్మము కాదని అనుమానింపవలెను.

దురద రాత్రివేళ హెచ్చుచున్నదా? వ్రేళ్ల సందులలో, మణికట్టుల వద్ద, చంకలలో, నడుము చుట్టును చిన్న పొక్కులున్నవా? ఒకే యింట ఇద్దరు ముగ్గురికి ఉన్నదా? అట్లయిన అది గజ్జి. చర్మములో తొలిచి గ్రుడ్లు పెట్టు సూక్ష్మమైన పురుగు వలన ఇది కలుగును. మొదటిమారు సోకినవారికి దురద తెలియుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టవచ్చును గనుక, బాధలేనివారు కూడ ఇంటిలో మందు వాడవలెను. 5 శాతపు పెర్మెత్రిన్ లేపనమును మెడ మొదలు కాలివ్రేళ్ల వరకు రాత్రి పూసి, 8 మొదలు 14 గంటల పిమ్మట కడిగి, వారము తరువాత మరల పూయుట నేటి సామాన్య చికిత్స. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుల సలహా తప్పదు. బట్టలను, పక్కలను అదే దినమున వేడినీట ఉతికి ఎండవేయవలెను. మందు వాడిన తరువాత కూడ రెండు మూడు వారములు దురద మిగులవచ్చును. అంతమాత్రమున మందు పనిచేయలేదని అధైర్యపడరాదు. గోకిన పుండ్లు చీముపట్టినచో మూత్రపిండములకు సైతము హాని కలుగవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది.

గుండ్రని అంచుతో ఎర్రగా వ్యాపించు మచ్చ తామర కావచ్చును. పాలిపోయిన లేక ఎర్రనైన మచ్చలో స్పర్శ లేనిచో వెంటనే కుష్ఠు పరీక్ష చేయింపవలెను. కుష్ఠుమచ్చ సాధారణముగా దురద పెట్టదు, నొప్పి పెట్టదు. అందువలననే జనులు ఉపేక్షింతురు. దాని మందు ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా లభించును. 6 లేక 12 నెలలు వాడిన నయమగును. మచ్చలేమియు లేక ఒడలంతయు దురద పెట్టువారికి మధుమేహము, మూత్రపిండ వ్యాధి, కాలేయ వ్యాధి కలవేమో పరీక్షింపవలెను.

సంతలలో పేరులేని డబ్బాలలో అమ్ము లేపనములను గూర్చి ఒక్క మాట. మూలికా మందని చెప్పి స్టెరాయిడ్ కలిపిన లేపనము పూసినచో దురద రెండు దినములలో అణగును. తామర లోలోపల విస్తరించును. ఆయుర్వేద ఔషధములును 1940 నాటి ఔషధముల చట్టమునకు 1964 సవరణ వలన లోబడినవి. డబ్బాపై తయారీదారుని పేరు, లైసెన్సు సంఖ్య, ఔషధ ద్రవ్యముల పట్టిక, తయారైన తేదీ ఉండవలెను. అవి లేని మందును మీ గ్రామస్థులు కొనకుండ చూడుడు.

సభ్యులారా! 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ఆరోగ్యము, పారిశుధ్యము ఒకటి. కావున ఇది మీ పనియే. మార్గశిరము ప్రవేశించగనే ఆశా కార్యకర్తతో కలిసి మీ వార్డులో దురదతో బాధపడు ఇండ్లను తెలిసికొనుడు. గజ్జి యని తేలిన యింట అందరికిని ఒకే దినమున మందు అందునట్లు చూడుడు. బట్టలు ఉతుకుటకు ఆ యింటికి నీరు చాలినంత చేరునట్లు చేయుడు. జనవరి 30వ తేదీన కుష్ఠు నివారణను గూర్చి గ్రామసభ జరుగునప్పుడు చర్మవ్యాధు లన్నింటిని గూర్చియు మాటలాడుడు. అన్నిటికి మించి, దురదగల బిడ్డను బడిలో ఎవరును అవమానింపకుండ చూడుడు. గజ్జి మురికివారికే వచ్చునను మాట నిజము కాదు. ఇరుకు యిండ్లలో కలిసి పండుకొనువారి కెవరికైనను అది సోకును. సిగ్గుపడి దాచుకొన్న కొలది అది ఊరంతయు ప్రాకును.

మేము చెప్పిన గ్రామములోని ఆ వార్డు సభ్యురాలు వైద్యము చదువలేదు. నెలదినములు నూనె రాచినను తగ్గనిది ఎందుకు తగ్గలేదని ప్రశ్నించినది, అంతే. ఆ ప్రశ్న మీరును వేయుడు. పొడిబారిన చర్మమునకు నూనెగిన్నె నందించుడు. దానితో తగ్గని దురదకు ఆరోగ్య కేంద్రపు దారి చూపుడు.