పదిమంది చేతి రాత

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇందులో ఏ వ్యాసమూ ఒక్కరి సొత్తు కాదు. ఒకరు మొదలుపెడతారు, ఇంకొకరు చేరుస్తారు, మరొకరు దిద్దుతారు.

అనంతపురం సంగతే తీసుకుంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అటు వెళ్లాయి. అంటే అక్కడి ఊళ్ల పేజీలన్నిటిలో జిల్లా పేరు మారాలి. ఇది ఒక్క చేత్తో అయ్యే పని కాదు. పదిమంది పంచుకోవలసిందే.

ఇలా కలిసి రాయడం బడిలోనూ చేయించవచ్చు. అందుకు వికీపీడియాలో పనికొచ్చేది ముందుగా పేజీ చరిత్ర. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో అంతా అక్కడ నమోదవుతుంది. చెరిపేసిన పేరా కూడా తిరిగి తేవచ్చు. పిల్లలు కలిసి రాసినప్పుడు ఎవరి పాలు ఎంతో ఉపాధ్యాయుడికి తెలిసిపోతుంది. ఆపైన చర్చ పేజీ. తుంగభద్ర ఎగువ కాలువ, అదే హెచ్చెల్సీ, దాని గురించి రాస్తూ ఒక మాట దగ్గర పేచీ వస్తే అక్కడే తేల్చుకోవాలి. ఆధారం చూపాలి. అసలైన చదువు ఇక్కడే జరుగుతుంది.

బడికి పనికొచ్చే మరో చోటు, వికీపీడియాకు తోడుగా ఉన్న వికీసోర్స్. అందులో పాత పుస్తకం పుట బొమ్మ ఒకపక్క, టైపు చేసిన పాఠం ఇంకోపక్క కనిపిస్తాయి. ఒకరు తప్పులు దిద్దితే పేజీకి పసుపు రంగు వస్తుంది. రెండోవారు సరిచూస్తేనే ఆకుపచ్చ రంగు. దిద్దినవారే ఆమోదించడానికి వీల్లేదు.

నెట్ సరిగా అందని ఊళ్లో ముందు నోటుపుస్తకంలో రాసుకుని, సిగ్నల్ దొరికిన చోట ఎక్కించవచ్చు. ఉపాధ్యాయులు ఒకసారి తమ ఊరి పేజీ తెరిచి చూడాలి. చెరువు పేరు లేకపోతే, అచ్చయిన ఆధారం వెతికించి పిల్లల చేతే చేర్పించాలి.