చేవ్రాలు చేయుటకు ముందు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము, వర్తకులము. చదివి తెలిసికొనక ఏ పత్రముపైనను చేవ్రాలు చేయకుండుట మా వృత్తిధర్మము. అట్టి మేమే ఒకనాడు తప్పితిమి. క్యాన్సరు ముదిరిన మా మేనత్తగారు ఒక ఆసుపత్రిలో, క్రొత్తమందు పరీక్షకు తమిళమున వ్రాసిన పత్రముపై వ్రేలిముద్ర వేసిరి. రోగము కుదుర్చు మందనియే ఆమె నమ్మిరి. ప్రక్కనే యుండియు మేము దానిని తెలుగున చదివి చెప్పలేదు. ఆ తప్పు మరియొక యింట జరుగరాదనియే ఈ నాలుగు మాటలు.

ఇట్టి పరీక్షలు వలదని మేమనుట లేదు. భీమవరమున 1895లో జన్మించి, మదరాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపిరి. అచట వెలువడిన అమినోప్టెరిన్ అను మందును 1947-48లో బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు గల పిల్లలకిచ్చిరి. 16 మందిలో 10 మందికి గుణము కనిపించెను, అదియు తాత్కాలికమే. కాని దాని తోడిమందగు మెథోట్రెక్సేటు 1956లో మావి కణములనుండి పుట్టు క్యాన్సరు గడ్డను పూర్తిగా కరగించెను. తొలి రోగుల సాహసము తరువాతివారికి ఆయువైనది.

నేటి క్రొత్తమందులలో పెక్కు క్యాన్సరు కణమునందలి ఒక గురుతును పట్టి కొట్టునవి. రొమ్ము క్యాన్సరు గల కొందరిలో హెర్-2 అను మాంసకృత్తు మితిమీరి యుండును. దానిని పట్టు ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందినది.

అయితే మొదటి దశ పరీక్షకు ముఖ్యోద్దేశము రోగము కుదుర్చుట కాదు. ఎంత మోతాదు భద్రమో కనుగొనుట. వాడుకలోనున్న యొక పద్ధతిలో ముగ్గురికి తక్కువ మోతాదు నిచ్చి, తీవ్రమైన కీడు లేనిచో తరువాతి ముగ్గురికి హెచ్చింతురు. రోగికి మేలు కలుగవచ్చును, కలుగకపోవచ్చును.

2019 నాటి భారతప్రభుత్వ నిబంధనల ప్రకారము రోగికి అర్థమగు భాషలోనే సంగతులు తెలుపవలెను. చదువురానివారికి పరీక్షతో సంబంధము లేని సాక్షి యుండవలెను. ఇష్టము లేనిచో ఎప్పుడైనను మానుకొనవచ్చును. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత చికిత్సకును నష్టపరిహారమునకును హక్కు కలదు.

ఆరణిలో తరతరములుగా నున్న మన యిండ్లలో పలువురు పెద్దలకు తమిళపు వ్రాత రాదు. పిల్లలకు తెలుగు వ్రాత రాదు. ఇరువురును కలిసి కూర్చుండిన గాని పత్రము అర్థము కాదు. కావున తెలుగు పత్రమడుగుడు. దొరకనిచో పిల్లలచేత చదివించి, ఇంటి భాషలో చెప్పించుకొనుడు. వేరు చికిత్స ఏమున్నది, కీడేమి, ఎన్నిమారులు ఆసుపత్రికి పోవలెను అని అడుగుడు. ఒక్కరాత్రి ఇంట నుంచుకొని ఆలోచింపుడు.

ఆశ వదలుకొన నక్కరలేదు. తెలియక చేవ్రాలు మాత్రము వలదు.