జార్జెట్ హేయరు, ఆమె పాత్రలు
(మన పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపు పాఠము)



నేడు నేను మాటాడబోవునది మన సభలలో తరచుగ వినబడు విషయము కాదు. అందులకు ఒక తల్లి నన్నడిగిన ప్రశ్నయే కారణము. ఆమె మన షోలాపురములో బీడీలు చుట్టి సంసారమును నెట్టుకొని వచ్చుచున్న ఇల్లాలు. ఆమె పెద్దకుమార్తె మన పాఠశాలలోనే చదువుకొని, యిప్పుడు కళాశాలలో ఆంగ్లసాహిత్యము అభ్యసించుచున్నది. చిన్నవాడు ఇంకను మనవద్దనే యున్నాడు. కొన్ని నెలల క్రిందట వాని చదువు సంగతి కనుగొనుటకు వచ్చిన ఆ తల్లి, పోవుచు పోవుచు గడపకడ నిలిచి, "సారూ, మా పెద్దపిల్ల అర్ధరాత్రి దాక లైటు ఆర్పది. ఇంగ్లీషు పెండ్లికతలంట. చదువుకుంట తనల తనే నవ్వుతది. మంచి పుస్తకాలేనా అవి?" అని యడిగెను. ఆమె అనుమతితోనే యీ మాట చెప్పుచున్నాను. ఆమె యీ సభలోనే యున్నది. ఎక్కడ కూర్చున్నదో మాత్రము చూపను.

పుస్తకము పేరు వ్రాయించి పంపుమంటిని. మరునాడు చిన్నవాడు చీటీ తెచ్చెను. అది జార్జెట్ హేయరు వ్రాసిన "కొటిలియన్" అను నవల. "మంచిదే" యని ఒక్కమాట చెప్పి పంపిన సరిపోయెడిది. కాని నాకు నోరు రాలేదు. ఏలయన, ఆ నవలలు వ్రాసిన ఆమెయే ఆ మాటను తేలికగ ఒప్పుకొని యుండదు.

హేయరు 1902లో లండను నగరమునకు చేరువనున్న వింబుల్డనులో జన్మించెను. ఆమె తమ్మునికి చిన్న గాయమైనను నెత్తురు సులభముగ కట్టని వ్యాధి యుండెడిది. అతడు జబ్బుపడి కోలుకొనుచున్న దినములలో అతని పొద్దు పుచ్చుటకై, పదునేడేండ్ల ప్రాయమున ఆమె ఒక కథను అల్లెను. తండ్రి దానిని విని, ప్రకటింపవలసినదని ప్రోత్సహించెను. అదియే 1921లో "ది బ్లాక్ మాత్" అను పేర వెలువడిన నవల. 1925లో ఆ తండ్రి గతించెను. ఆ యేటనే ఆమెకు వివాహమయ్యెను. తమ్ముల భారము ఆమె కలము మీద పడినది. భర్త గనుల ఇంజనీరు. అతనితో ఆఫ్రికాలోని టాంగన్యీకాకు పోయి, గడ్డికప్పు పాకలో నివసించుచు కూడ ఆమె ఇంగ్లండు దొరల కథలే వ్రాసెను. 1926లో "దీజ్ ఓల్డ్ షేడ్స్" వెలువడినప్పుడు ఆ దేశమున సార్వత్రిక సమ్మె జరుగుచుండెను. పత్రికలలో ప్రకటన లేదు, సమీక్ష లేదు. అయినను పుస్తకము విశేషముగ అమ్ముడుపోయెను. ప్రచారముతో తనకు పనిలేదని ఆమెకు అప్పుడే స్థిరపడినట్లున్నది. జీవితాంతము ఆమె పత్రికలవారికి ముఖాముఖి నీయలేదు. భర్త యింటిపేరు రూజియే యని పాఠకులలో పెక్కురకు 1974లో ఆమె మరణవార్తతోనే తెలిసినది.

ఆమె పేరు నిలిపినవి రీజెన్సీ కాలపు కథలు. రాజైన మూడవ జార్జికి మతి చలింపగా, 1811 మొదలు 1820 వరకు ఆయన కుమారుడు ప్రతినిధియై పాలించెను. ఆ తొమ్మిదేండ్ల కాలమునకే రీజెన్సీ యని పేరు. నెపోలియనుతో వాటర్లూ యుద్ధము జరిగినదియు, జేన్ ఆస్టెన్ నవలలు వెలువడినదియు అప్పుడే. నూరేండ్లు గడచిన పిదప హేయరు ఆ కాలమును మరల కూర్చెను. ఏ సంవత్సరమున ఏ వస్తువు వెల ఎంత, ఏ బండికి ఎన్ని గుర్రములు కట్టుదురు, ఏ టోపీకి ఏ నాడా, వీథిపోకిరీల నోట ఏ మాట అను సంగతులన్నియు నోటుపుస్తకములలో బొమ్మలతో సహా వ్రాసికొనెను. మన విద్యార్థిని నాయొద్దకు ఒక పర్యాయము వచ్చి, ఆ యాసమాటలు తన నిఘంటువులో లేవని మొరపెట్టుకొనినది. నా నిఘంటువులోను లేవు.

ఇంత శ్రమపడి సృష్టించిన మనుష్యులను గూర్చి ఆమె ఏమనుకొనెను? ఇచటనే చిత్రమున్నది. తన కథానాయకులను ఆమె యంత్రములవలె నమూనాల వారీగ లెక్కించెను. మొదటి నమూనావాడు ముక్కోపి, కరకుమాటలవాడు. రెండవ నమూనావాడు నాజూకైనవాడు, ధనికుడు, దుస్తులలో మేటి, గుర్రపుబండి తోలుటలో ప్రసిద్ధుడు. కుమ్మరి తన కుండను వ్రేలితో కొట్టి చూచినట్లుండు నీ మాటలో ఎగతాళి కలదు, పని తెలిసినవాని నిబ్బరమును కలదు. 1944లో వచ్చిన "ఫ్రైడేస్ చైల్డ్" అను నవలను గూర్చి ఆమె వ్రాసిన ఉత్తరము ఒకటి పేరుపొందినది. ఇంత పనికిమాలిన వ్రాత వ్రాసినందులకు తన్ను తుపాకితో కాల్చవలసినదే యనియు, అయినను విమానదాడి వేళ నేలమాళిగలో కూర్చున్నవారికిని, జ్వరము నుండి లేచుచున్నవారికిని అది పనికివచ్చుననియు ఆమె యందలి అభిప్రాయము. యుద్ధకాలమున లండనులో నుండి యన్న మాట యది. నేలమాళిగ అలంకారము కొరకు వచ్చినది కాదు.

ఈ నమూనాల లెక్కను ఆమెయే ఎట్లు తలక్రిందులు చేసెనో "కొటిలియన్"లో చూడవచ్చును. ఇది 1953 నాటిది. కిట్టీ యను అనాథబాలికను పెంచిన ముసలివాడు పరమలోభి. తన తోబుట్టువుల మనుమలలో ఒకనిని పెండ్లాడినచో ఆస్తి అంతయు ఆమెదే యని అతడు షరతు పెట్టెను. ఆమె మనసు జాక్ అను అందగానిపై నుండెను. లండను చూచుటకై ఆమె ఫ్రెడ్డీ యను మరియొకనితో ఉత్తుత్తి నిశ్చితార్థము చేసికొనెను. ఫ్రెడ్డీ శూరుడు కాడు, పండితుడు కాడు. కోటు కుట్టు సరిగనున్నదో లేదో చూచుటలో మాత్రము ఘనుడు. కాని ఎవరికి కష్టము వచ్చినను, అప్పటికి చేయవలసిన పని ఏదియో అతనికే తట్టును. జాక్ మాటలు తీయనివి. అతని మనసులో తానుదప్ప ఇంకొకరు లేరు. కథ ముగియునప్పటికి కిట్టీ ఫ్రెడ్డీనే కోరుకొనును. మన పిల్ల రాత్రివేళ నవ్వుకొనినది ఈ ఫ్రెడ్డీని చూచియే. అట్టివానిని చూచి నవ్వుచు నవ్వుచు ఆదరించుట నేర్చిన ఆడపిల్లను గూర్చి నాకు బెంగ లేదు.

నన్ను ఎక్కువగ ఆలోచనలో పడవేసినది 1961లో వెలువడిన "ఎ సివిల్ కాంట్రాక్ట్". ఇందు కథానాయకుడు ఆడమ్ స్పెయిను యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికుడు. తండ్రి మరణించి, బిరుదుతోపాటు అప్పులను విడిచి పోయెను. తాతల నాటి యిల్లు అమ్మకమునకు వచ్చినది. అతడు ప్రేమించినది జూలియా యను సుందరిని. పెండ్లాడినది జెన్నీ యను వర్తకుని కూతురును. ఆమె తండ్రి చాలీ సాహెబు కోటీశ్వరుడు, మాట మోటు, చేయి దొడ్డది. బిడ్డకు దొరసాని బిరుదు రావలెనని అతని కోరిక. వరుని అప్పు తీర్చి వధువునకు హోదా కొనుట. పేర్లు తీసివేసి చెప్పినచో ఇది మన వీథిలో జరిగిన సంబంధమే యని మీలో కొందరు అనుకొందురు. ఇచట మనము దానిని కట్నమందుము.

జెన్నీ బొద్దుగనుండును, అందగత్తె కాదు, సభలో నోరు మెదపలేదు. తన మగని మనసు మరియొకతెపై నున్నదని ఆమెకు తెలియును. ఆ మరియొకతె తన నేస్తమే. తాను అతనిని ముందునుండియే ప్రేమించుచున్నట్లు పైకి చెప్పదు. అతనికి ఏ వంట ఇష్టమో, ఏ కుర్చీ అనువో, ఎప్పుడు పలుకరింపరాదో కనిపెట్టి యిల్లు దిద్దును. ఇటువంటి కథలలో చివరకు వధువు ఒక కొత్త గౌను తొడిగి మెట్లు దిగునప్పుడు అందరును నివ్వెరపోవుట వాడుక. హేయరు అట్లు చేయలేదు. జెన్నీ చివరి పుటలోను బొద్దుగనే యుండును. మామగారి సొమ్ముతో బ్రతుకుచున్నానను ఆడమ్ మనస్తాపమునకు మాత్రము ఆమె విరుగుడు చూపెను. వాటర్లూలో ఓటమి యని పుకారు పుట్టగా అందరును ప్రభుత్వపత్రములను తెగనమ్ముచుండిరి. మామ కూడ అమ్ముమనెను. తాను కొలిచిన సేనాపతి వెల్లింగ్టనుపై నమ్మకముతో ఆడమ్ ఎదురు కొనెను, గెలిచెను. తన యింటిని తానే విడిపించుకొన్న పిమ్మటనే అతడు భార్యను సమానముగ చూడగలిగెనని నాకు తోచును.

తుదకు జెన్నీ లేనిదే తనకు గడవదని అతడు గ్రహించును. యౌవనపు కల మాత్రము ఒక మూల మిగిలియే యుండును. ఈ ముగింపు కొందరికి చప్పగ నుండును. నాకున్న జంకు వేరు. ఓర్చి సేవించిన ఇల్లాలికి ప్రేమ దక్కి తీరునని చదువరి తలంపదా? ఆడమ్ సజ్జనుడు గనుక జెన్నీ ఓర్పు ఫలించినది. మగడు సజ్జనుడు కానిచోట ఓర్పు ఎన్నేండ్లయినను ఫలింపదు. ఈ పుస్తకమును ఆడపిల్ల చేతికిచ్చు పెద్దలు ఈ మాట కూడ కలిపి చెప్పుట మంచిది.

హేయరు చూపు చేరని చోట్లును కలవు. 1950 నాటి "ది గ్రాండ్ సోఫీ" ఆమె పుస్తకములలో మిక్కిలి ప్రియమైనవానిలో ఒకటి. అందు సోఫీ యను ధైర్యశాలి, బంధువు వ్రాసిచ్చిన పత్రమును విడిపించుటకై పిస్తోలుతో ఒక వడ్డీవ్యాపారి యింటికి ఒంటరిగ పోవును. అతడు యూదుడు. అతని ముక్కు, మాసిన బట్ట, నక్కవినయము, దురాశ, అన్నియు యూదుల మీద తరతరములుగ వేసిన బురదయే. ఐరోపాలో అరువది లక్షల యూదులు హతులైన సంగతి లోకమునకు తెలిసి అప్పటికి ఐదేండ్లు. దొరకొడుకులను రెండు నమూనాలుగ చేసి తానే నవ్వుకొన్న రచయిత్రి, యీ మూడవ నమూనా తన చేతిలో తయారైనదని గుర్తింపలేదు. పరభాష మాటాడు ఊళ్లలో తరములుగ బ్రతుకుచున్న మనకు, ఒకే గీతతో అందరిని గీయుట ఎట్లుండునో కొంత తెలియును. ఆ పుస్తకమును దాచివేయుమని నేననను. ఆ అధ్యాయమున ఎవరిని చూచి నవ్వు వచ్చినదో ఆగి చూచుకొమ్మని మాత్రము మన విద్యార్థినితో చెప్పితిని.

ఇంకొక మాట, నేతపనివారి బిడ్డలు చదువు బడి గనుక. హేయరు నవలలలో మస్లిను గౌను లేని పుట అరుదు. ఒకప్పుడు ఢాకా మగ్గముల నుండి పోయిన ఆ బట్టను, రీజెన్సీ నాటికి ఇంగ్లండు స్కాట్లండులలో యంత్రముల మీద వడికిన నూలుతో విరివిగ నేయుచుండిరి. మన దేశపు బట్టకు అచట సుంకములు హెచ్చు. గౌను అంచు కుట్టును గూర్చి అంత వ్రాసిన ఆమె, నేసిన చేయిని గూర్చి తలంపలేదు. 1966 నాటి "బ్లాక్ షీప్"లో నాయకుడు ఇండియాలో ఇరువదేండ్లుండి ధనవంతుడై తిరిగివచ్చును. ఆ ధనము ఇచట ఎట్లు చేకూరినదో కథలో మనకు కనబడదు. ఆమె కథకు అది అక్కరలేదు. మనకు కావలయును.

ఆమె మనసు నిజముగ లగ్నమైనది రీజెన్సీ మీద కాదు. మధ్యయుగపు లాంకాస్టరు రాజవంశముపై, బెడ్‌ఫర్డు ప్రభువైన జానును గూర్చి, మూడు సంపుటముల గొప్ప గ్రంథము వ్రాయవలెనని ఆమె ఏండ్ల తరబడి కృషి చేసెను. పన్నుల బాకీ వచ్చినప్పుడెల్ల దానిని ప్రక్కకుపెట్టి, మరియొక రీజెన్సీ కథ వ్రాయవలసి వచ్చెడిది. ఆ గ్రంథము పూర్తికాలేదు. వ్రాసినంత భాగము ఆమె పోయిన మరుసటి యేడు, 1975లో "మై లార్డ్ జాన్" అని అచ్చయినది. నేను దానిని చదువ మొదలిడి సగములో విడిచితిని. ప్రాణము పెట్టి వ్రాసినదానిలో మనుష్యులు బిగిసికొని యున్నారు. ఇంటి ఖర్చునకై వ్రాసినదానిలో లేచి తిరుగుచున్నారు.

కాల్చివేయదగినదని ఆమె యన్న "ఫ్రైడేస్ చైల్డ్" సంగతి చెప్పి ముగింతును. రుమేనియా దేశమున రాజకీయఖైదీగ పండ్రెండేండ్లు చెరలోనున్న ఒక స్త్రీ, విడుదల పిదప హేయరునకు ఉత్తరము వ్రాసెను. చెరలో పుస్తకము లేదు. తాను మునుపు చదివిన ఆ కథను జ్ఞాపకము నుండి తోడి ఖైదీలకు మరల మరల చెప్పి, తానును వారును మతి తప్పకుండ నిలిచితిమని అందు వ్రాసెను. అభిమానుల పొగడ్తలను లెక్కచేయని హేయరు ఆ ఉత్తరమును దాచుకొనెను.

ఈ సంగతి చెప్పి "ఎ సివిల్ కాంట్రాక్ట్" ప్రతిని మన విద్యార్థినికి ఇచ్చితిని. మూడు వారములైన పిదప ఆమె తల్లి మరల వచ్చి గడపకడ నిలిచెను. రాత్రులు ఆమె తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండగా, కూతురు ప్రక్కన కూర్చుండి ఆ కథను తెలుగులో చెప్పుచున్నదట.

"పిల్లకు పరీక్షలొచ్చినయ్ సారూ, కత నడుమల ఆపింది. ఆ జెన్నీకి కొడుకు పుట్టిండా?"

పుట్టినాడంటిని.

"మరి ఆమె మొగడు ఆ పాతపిల్లను మరిచిండా లేదా?"

అది పరీక్షలైన తరువాత కూతురునే అడుగుమంటిని. ఆమె మెట్లు దిగి, మరల వెనుకకు తిరిగి, "ఆ తండ్రి చెడ్డోడు కాదు సారూ. పెట్టుడే తెలుసు ఆయనకు, ఆగుడు తెల్వదు" అని చెప్పి పోయెను.