కుంకుమ పువ్వు ఊరు



ఇంగ్లండు వెళ్ళొచ్చానంటే అందరూ లండను గురించే అడుగుతున్నారు. నేనివాళ ఒక సంత ఊరి గురించి చెబుతాను. దాని పేరు శాఫ్రన్ వాల్డెన్. మా తమ్ముడుండే కేంబ్రిడ్జికి పాతిక కిలోమీటర్ల దూరం.

మా మరదలికి అప్పుడు ఏడో నెల. పుట్టింటికి వెళ్ళే వీల్లేక దిగులు పెట్టుకుని, గుమ్మం దాటడమే మానేసింది. నేను తీసుకెళ్ళిన కుంకుమ పువ్వు భరిణె చూసి, "వదినా, ఇక్కడ దీని పేరుతో ఒక ఊరుందట" అంది. మర్నాడే బయలుదేరదీశాను. పాలల్లో కుంకుమ పువ్వు వేసుకుంటే బిడ్డ తెల్లగా పుడతాడన్న మాట నేను నమ్మను. ఆ వాసనకి ఇంకో గ్లాసు పాలు తాగితే అదే పదివేలు.

శాఫ్రన్ అంటే కుంకుమ పువ్వే. పూర్వం ఈ ఊరిని చిప్పింగ్ వాల్డెన్ అనేవారు. చిప్పింగ్ అంటే సంత. 1141లో పక్కనున్న న్యూపోర్టు నుంచి సంతను ఇక్కడికి మార్చారు. తరవాత 16, 17 శతాబ్దాల్లో చుట్టుపక్కల పొలాల్లో కుంకుమ పువ్వు పండించి అద్దకాలకీ, మందులకీ, వంటలకీ అమ్మేవారు. పువ్వుకి మూడే మూడు ఎర్రటి పోగులు. గ్రాము కావాలంటే సుమారు 150 పూలు, అన్నీ పొద్దున్నే చేత్తో కోసి, చేత్తో వలవాలి. మల్లెమొగ్గలు కోసేవాళ్ళకి ఆ నడుం నొప్పి తెలుస్తుంది. 18వ శతాబ్దం చివరికి పంట పోయింది, పేరు మిగిలింది.

సంత మంగళవారం, శనివారం. కూరలు, రొట్టెలు, జున్నులాంటి ఛీజు, పూలు. కూరలమ్మే ఆవిడని కుంకుమ పువ్వు ఉందా అనడిగితే నవ్వేసింది. మా మరదలు సంచీలోంచి కాశ్మీరు భరిణె తీసి చూపించింది. ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో! ఆ పిల్ల నోరు విప్పడం నేను వెళ్ళాక అదే మొదలు.

193 అడుగుల చర్చి శిఖరం ఎటు తిరిగినా కనిపిస్తుంది. పాత ఇళ్ళ గోడల మీద సున్నపు గచ్చుతో తీర్చిన బొమ్మలు మన గోపురాలను గుర్తుకు తెస్తాయి. ఆడ్లీ ఎండ్ భవంతికి మైలు దూరం నడవాలి గనక మానేశాం.

నాకన్నిటికన్నా నచ్చింది ఊరి మైదానంలో గడ్డిలో తీర్చిన చుట్ల బాట. ఇంగ్లండులో మిగిలిన ఇలాంటివాటిలో ఇదే పెద్దది. 1699లో దీన్ని బాగుచేసినట్టు లెక్కల్లో ఉందట. చెప్పులు పట్టేంత సన్నటి దారి, దగ్గర దగ్గర మైలు పొడవు. మరదల్ని బెంచీ మీద కూర్చోబెట్టి నేను నడిచాను.

"పద్మవ్యూహంలా ఉంది వదినా! వీడు లోపలినుంచి వింటున్నాడేమో, బయటికొచ్చే దారి కూడా చెప్పు" అని కేకేసింది.

"ఒకటే దారమ్మా, తప్పిపోయేందుకేం లేదు. వెళ్ళిన దారినే వెనక్కి రావడమే!" అన్నాను.

"అయితే నేనూ వస్తా" అని లేచి, కొంగు దోపుకుని నా వెనకాలే నాలుగు చుట్లు నడిచింది.