వెబ్‌సైట్ ఎవరి కోసం?



సంఘానికి వెబ్‌సైట్ పెట్టినమని సంబరపడ్డం. తెరవంగనే నాయకుల ఫోటోలు, దండలు, కదిలే అక్షరాలు. మొన్న మా వాడల ఒక అక్కను కులం పేరుతో తిట్టి కొట్టిండ్రు. ఆమె బిడ్డ రాత్రిపూట ఫోన్ల మన సైట్ తెరిచింది. ఫోటోలు వచ్చేసరికే డేటా అయిపోయింది. ఏం చెయ్యాల్నో దొరకలేదు. సిగ్గుపడాల్సింది ఆ పిల్ల కాదు, మనం.

అందుకే చెప్తున్న. మొదటి పేజీల మొదటి మాట బాధితుల ప్రశ్నే కావాలె: దాడి జరిగితే ఏం చెయ్యాలె? దాని కిందనే జవాబు. 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు, 2018 సవరణ ఆ మాటే చెప్పింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలె. హెల్ప్‌లైన్ 14566. రాసిన తేదీ కూడా వెయ్యాలె. చట్టం మారితే పేజీ మార్చాలె.

రెండోది, కరపత్రాన్ని ఫోటో తీసి పెట్టొద్దు. వెతికితే సరిగ దొరకదు, చూపులేనోళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు. డీటీపీ అక్షరాలతోనూ అదే తిప్పలు. యూనికోడ్ తెలుగుల టైపు చెయ్యండి. వాక్యం చిన్నగ ఉండాలె.

మూడోది, పేజీ పెట్టేముందు చదువు తక్కువున్న ఒక అమ్మ చేతికి ఫోన్ ఇయ్యండి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ తప్పు మన రాతదే.

1993లో సెర్న్ సంస్థ ఈ వెబ్‌ను రుసుము లేకుండా అందరికీ వదిలిపెట్టింది. ఊరి బావి కాడ మనల్ని ఆపినట్టు ఇక్కడ ఆపేటోడు లేడు. మన రాతే మనోళ్లకు అడ్డం కావొద్దు.

జై భీమ్!